లాంచీకి తలనొప్పి

రేవు నుంచి,
ఆదివారం

ఒరేయ్ బామ్మర్దీ,

ఈ ఉత్తరం తెచ్చిన కూరగాయల లారీ డ్రైవరు నీకొక గోనెమూట కూడా ఇస్తాడు. బరువు చూసి గుమ్మడికాయ అనుకుని సంబరపడకు. అది మన లాంచీ ఇంజను తలకాయ, అదే, పైన మూతలా బిగించే హెడ్డు. పగిలింది.

ఎలా పగిలిందని అడక్కు. దానంతట అదే పగిలింది. అవతలి ఒడ్డున జనాన్ని దింపి వస్తుంటే ఇంజను దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, ఆగిపోయింది. అదృష్టం కొద్దీ రేవు దగ్గరే ఆగింది కాబట్టి గడకర్రతో నెట్టుకుంటూ వచ్చాను. ఆయిలు తీసి చూస్తే పాలెక్కువైన టీలా ఉంది. నీళ్లు కలిశాయని నాకూ తెలుసు, పాఠం చెప్పకు.

నువ్వు చేయాల్సిందల్లా పగులు అతికి పంపడం. "కొత్తది కొను బావా" అనే పాట ఎత్తుకున్నావంటే బాగుండదు. ఇక్కడ పక్క రేవు తెడ్డు పడవవాడు, అదే, నడక చూసి అందరూ బాతు అంటారే, వాడికి పండగలా ఉంది. నా జనమంతా వాడి పడవెక్కుతున్నారు. పోతూపోతూ నాకేసి చెయ్యి ఊపుతున్నాడు వెధవ.

ఫోను చెయ్యకు. పోయినసారి మనిద్దరం ఫోనులో అరుచుకున్న దగ్గర్నుంచి మీ అక్క నా ఫోను బియ్యం డబ్బాలో దాచింది. తిట్టుకోవాలంటే కాగితం మీద తిట్టుకోండి, అక్షరాలైనా కుదురుతాయి అంటోంది.

ఇట్లు,
నీ బావ

తమ్ముడూ, దానంతట అదే పగిలిందట. నవ్వకుండా చదువుకో. ఒంట్లో బాగుందా? — అక్క


వర్క్‌షాపు నుంచి,
గురువారం

బావా,

మూట అందింది. హెడ్డు కడిగి, పగులు చూపించే ఎర్రమందు పూసి చూశాను. రెండు వాల్వుల మధ్య మొదలై లోపలి నీటి దారి దాకా పాకింది పగులు.

దానంతట అదే పగిలేది గుడ్డొక్కటే బావా, అదీ లోపల పిల్ల ఉంటేనే. ఇది పోత ఇనుము. బాగా కాలిన పెనం మీద చెంబెడు నీళ్లు కుమ్మరిస్తే ఏమవుతుందో సరిగ్గా అదే అయింది దీనికి. నువ్వేమైనా పోశావా? ఊరికే అడుగుతున్నాను.

నీకు నచ్చని పాటే పాడుతున్నాను. హెడ్డు మార్చు. అతికిన చోటు పక్కన ఇనుము పెళుసవుతుంది. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, ఒకనాడు కాగినప్పుడు మళ్లీ నోరు తెరుస్తుంది. ఒడ్డు మీద పిండిమర ఇంజనైతే కళ్లు మూసుకుని అతికిచ్చేవాణ్ణి. ఆగితే పిండి ఆగుతుంది. నీది నడి ఏట్లో ఆగుతుంది. కింద ఆనకట్ట ఉంది. లాంచీ నిండా జనం ఉంటారు. వాళ్లకి ఈత వచ్చో రాదో టిక్కెట్టిచ్చేటప్పుడు నువ్వు అడగవు కదా.

పాత ఇనుము బజారులో వేరే హెడ్డు కోసం వెతుకుతాను. ఈలోగా బాతుకి నువ్వు కూడా చెయ్యి ఊపుతూ ఉండు, మర్యాదగా ఉంటుంది.

నీ బామ్మర్ది

అక్కా, ఒంట్లో బాగానే ఉంది.


రేవు నుంచి,
మంగళవారం

ఒరేయ్,

నీ ఉత్తరం చదవడానికి నేను, మీ అక్క, కళ్లద్దాలు, కిటికీ, నలుగురం కలవాల్సి వచ్చింది. ఏం అక్షరాలురా అవి? కోడి గెలికినా ఇంతకంటే వరసగా ఉంటుంది.

నీళ్లు పోశానా? నేనా? మీసం రాకముందు నుంచి లాంచీ నడుపుతున్నవాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా ఇది? నా ఇంజను సంగతి నా కంటే నీకెక్కువ తెలుసా? సరే, తెలుసు. అయినా అడగకూడదు.

అసలు నీకేమైంది చెప్పు. మొన్నమొన్నటిదాకా పగిలిన ఇనుము కనబడితే పెళ్లిచూపులకెళ్లినవాడిలా మెలికలు తిరిగేవాడివి. ట్రాక్టరువాడి హెడ్డు మూడు ముక్కలైతే అతికి పంపానని మా ఇంట్లో కూర్చుని పొద్దు గుంకేదాకా కోశావు. ఇప్పుడు నా దగ్గరికొచ్చేసరికి పెళుసు, నోరు తెరవడం, ఆనకట్ట. పరాయివాళ్లకి పనిచేసే చెయ్యి సొంత బావకి పనిచెయ్యదా?

ఈ ఇంజను చేసిన కంపెనీయే మూతపడింది. కొత్త హెడ్డు ఎక్కడ మొలుస్తుంది, కుండీలోనా? నోరు మూసుకుని అతుకు.

నీ బావ

తమ్ముడూ, నీళ్లు పోశారు. ఒక బకెట్టు కాదు, రెండు. అసలు కథ అంతకుముందుంది. ఏట్లోంచి నీళ్లు పీల్చే గొట్టానికి ఇనుప జాలీ ఉంటుంది కదా, దాన్ని ఊడదీసి దాని మీద చేపలు కాల్చుకు తిన్నారు. తిరిగి బిగించడం మరిచారు. నాచు పోయి పంపుకి అడ్డం పడింది, ఇంజను కాగింది, ఆవిరి లేచింది. నిప్పంటుకుందనుకుని మీ బావగారు నీళ్లు కుమ్మరించారు. ఇదంతా ఆయనకి చెప్పే రాస్తున్నాను. తలుపు చాటున నిలబడ్డారు. చేపలు మాత్రం బాగా కుదిరాయట. — అక్క


వర్క్‌షాపు నుంచి,
బుధవారం

చేపల బావా,

అక్క రాసింది చదివి లేతు మిషను ఆపి మరీ నవ్వాను. పక్క కొట్లో టైర్లవాడు పరుగెత్తుకొచ్చాడు, నాకేదో అయిందని. వాడికీ చదివి వినిపించాను. వీధంతా తెలిసిపోయింది, ఏమీ అనుకోకు.

ఇక పని సంగతి. పాత ఇనుము బజారులో మన ఇంజనుదే ఒక హెడ్డు దొరికింది. పైకి నిగనిగలాడుతోంది. కన్నాలన్నీ బిరడాలతో బిగించి, లోపలికి గాలి కొట్టి, వేణ్ణీళ్ల తొట్టిలో ముంచాను. సోడా సీసా మూత తీసినట్టు బుడగలు. అదీ పగిలిందే. దాని యజమాని కూడా చేపలు కాల్చుకున్నాడేమో.

తర్వాత కొత్తదని ఒకటి తెచ్చి చూపించాడు దుకాణంవాడు. అసలు కంపెనీది కాదు, దాన్ని చూసి ఎవరో పోసింది. పోత కుదరక లోపలంతా ఇసుక గూళ్లు. వేలు పెడితే రాలుతోంది. వద్దని తిప్పి పంపాను.

ఇంకా వెతుకుతున్నాను. అతకమని నువ్వు మళ్లీ అడుగుతావని తెలుసు. మంచి వెల్డింగు రాడ్డులు దొరకడం లేదు. పైగా బొగ్గు తడిసింది. పైగా నాకు నడుము నొప్పి. కాస్త ఓపిక పట్టు.

నీ బామ్మర్ది


రేవు నుంచి,
శుక్రవారం

బామ్మర్దీ,

ఈసారి తిట్లతో మొదలుపెట్టలేదు, గమనించు.

ఎగువన వానలు మొదలయ్యాయి. ఏరు ఎర్రబడింది, ఒడ్డు కోస్తోంది. నిన్న బాతు పడవలో జనం కిక్కిరిసి ఎక్కారు. నేనూ ఎక్కాను, అవతల పనుండి. సగం దాటాక ఒకామె చంటిపిల్లని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. అంతే. పడవ ఒక పక్కకి ఒరిగింది, నీళ్లు లోపలికొచ్చేశాయి. అందరూ ఒకేసారి లేవబోయారు. "కూర్చోండి, ఎవడు లేచినా చంపేస్తా" అని నేను అరిచిన అరుపుకి నాకే చెవులు గింగిరుమన్నాయి. కూర్చున్నారు. దోసిళ్లతో నీళ్లు తోడుకుంటూ ఒడ్డుకి చేరాం. అవతలి ఆసుపత్రి నర్సు మందుల సంచీ ఏట్లో పోయింది. మనుషులందరూ ఉన్నారు.

దిగాక బాతు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మేమిద్దరం మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. "అన్నా, నీ లాంచీ ఎప్పుడు లేస్తుంది?" అన్నాడు. నాకు వాణ్ణి ఎగతాళి చెయ్యాలనిపించలేదు. నా ఆరోగ్యం బాగాలేదేమో కూడా.

రాడ్డులు లేవు, బొగ్గు తడిసింది, నడుము నొప్పి. ఒక్క కారణం చెప్పుంటే నమ్మేవాణ్ణి. మూడు చెప్పావంటే అందులో ఒక్కటీ నిజం కాదు. అబద్ధాల్లో నేను నీకంటే సీనియర్‌ని. అతుకుతావా, అతకవా? ఒక్క ముక్క రాయి.

నీ బావ

తమ్ముడూ, నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండోదాంట్లో గీతలు మరీ గజిబిజిగా ఉన్నాయి. అక్షరాలు గుండ్రంగా రాస్తానని బళ్లో బహుమతి తెచ్చుకున్నవాడివి. నీ చేతికి ఏమైంది? — అక్క


వర్క్‌షాపు నుంచి,
సోమవారం

అక్కకీ, బావకీ,

సరే. దొరికిపోయాను.

నా కుడిచెయ్యి వణుకుతోంది. ఊరికే కూర్చుంటే బాగానే ఉంటుంది. పనిముట్టు పట్టుకుంటే మొదలవుతుంది. కొందరికి పని చూడగానే ఒళ్లంతా వణుకుతుంది, నాకు చెయ్యొక్కటే, అది నయం. డాక్టరుకి చూపించాను. ప్రాణానికేమీ కాదన్నాడు, మాత్రలిచ్చాడు. వాటి పుణ్యాన టీ గ్లాసు ఒలక్కుండా నోటిదాకా వస్తోంది. వెల్డింగు రాడ్డు మాత్రం నా మాట వినడం లేదు. పిల్లి తోక పట్టుకుని గీత గీసినట్టుంటోంది.

లేతు పని చేసుకుంటున్నాను. అక్కడ గట్టిగా పట్టుకునేది మిషను, నేను చక్రం తిప్పితే చాలు. అతుకుడు పనులొస్తే తీరిక లేదని పంపేస్తున్నాను. ఇక్కడ ఎవరికీ తెలియదు. టైర్లవాడికి కూడా.

కొత్తది కొనమన్నది సగం నీ లాంచీ కోసం, సగం నా పరువు కోసం బావా. రెండు సగాలూ నిజమే. ఇంకెవరి చేతనైనా చేయిద్దామంటే, ఈ వీధిలో వాళ్లంతా పోత ఇనుముని రేకు అతికినట్టు చల్లగా ఉండగానే అతికేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఇంజను కాగేదాకా. దీన్ని ముందు బొగ్గులో ఎర్రగా కాల్చి, ఆ వేడి మీదే అతికి, బూడిదలో పూడ్చి చల్లార్చాలి. నాన్న నేర్పిన పద్ధతి. దానికి కదలని చెయ్యి కావాలి. నా దగ్గర లేదు. కదిలే చేత్తో అతికి, దాని మీద జనాన్ని ఎక్కించమని నేను పంపను.

జాలి చూపిస్తూ ఉత్తరం రాశావంటే హెడ్డు తెచ్చి నీ కాలి మీద పడేస్తాను. చెయ్యి వణుకుతుంది కాబట్టి గురి తప్పకుండా పడుతుందని హామీ ఇవ్వలేను.

మీ వాడు


రేవు నుంచి,
బుధవారం

ఒరేయ్ దొంగవెధవా,

జాలీ లేదు, గీలీ లేదు. ఒళ్లు మండుతోంది. నువ్వూ అబద్ధమాడావు, నేనూ అబద్ధమాడాను, మీ అక్క చేత తిట్లు మాత్రం నేనొక్కణ్ణే తిన్నాను. ఇదేం న్యాయం?

ఇప్పుడు అసలు సంగతి విను. నీ ఉత్తరం చదివి మీ అక్క మడిచి పక్కన పెట్టింది. తర్వాత లేచి సంచీలో బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?" అన్నాను.

"హెడ్డు అతకడానికి."

"ఎవరతుకుతారు?"

"నేను."

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

"మా నాన్న దగ్గర పోత ఇనుము అతికింది ఎవరనుకుంటున్నారు? వాడికప్పుడు బొగ్గులు ఊదడమే వచ్చు. వాడికి రాడ్డు పట్టడం నేర్పింది కూడా సగం నేనే" అంది.

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదే!"

"చెప్పాను. పెళ్లైన కొత్తలో. 'అది సరే, కూర మాడకుండా దించడం వచ్చా?' అన్నారు."

అనే ఉంటాను. నా మాటలాగే ఉంది.

ఆవిడ వర్క్‌షాపుకి మీ నాన్న క్యారేజీ పట్టుకెళ్లేదనే అనుకున్నానురా ఇన్నాళ్లూ. నువ్వు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇచ్చి పంపుతున్నాను. సంచీ సర్దుతున్నంతసేపూ నా వైపు తిరిగి చూడలేదు. చాలా కోపంగా ఉందా, చాలా ఉత్సాహంగా ఉందా, నాకు తెలియలేదు. నీకు తెలిస్తే రాయి.

నీ బావ


వర్క్‌షాపు నుంచి,
ఆదివారం

బావా,

కోపం కాదు. ఉత్సాహం. సంచీ దించి, కుర్చీ తుడుచుకోకుండానే "బొగ్గు ఎక్కడ?" అంది.

మేమిద్దరం మొదటిరోజంతా పోట్లాడుకున్నాం. నేను వద్దంటాను, తను చేద్దామంటుంది. చివరికి ఒప్పందం: ముందు ఆ బుడగల హెడ్డు మీద చేసి చూడాలి. అది నిలబడితేనే నీది ముట్టుకోవాలి.

అది నిలబడలేదు. అతికాం, బూడిదలో పెట్టాం, మర్నాడు ఆత్రం ఆపుకోలేక వేడి ఉండగానే తీశాం. కళ్ల ముందే 'టింగ్' మంది. పక్కనుంచి కొత్త పగులు. అక్క బల్ల మీద కూర్చుండిపోయింది. "మరిచిపోయాన్రా, చెయ్యి మరిచిపోయింది" అంది. నేను "నీది చెయ్యి మరిచింది, నాకు చెయ్యే లేదు, లే" అన్నాను. లేచి తిట్టడం మొదలుపెట్టింది. ఇనుముని, బొగ్గుని, నన్ను, ఇక్కడ లేకపోయినా నిన్ను. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

దాన్నే మళ్లీ చేశాం. ఈసారి నేను ఇనుము రంగు మాత్రమే చూశాను. చూడ్డానికి చెయ్యి అక్కర్లేదు కదా. "ఇప్పుడు" అంటే రాడ్డు దించేది, "ఆపు" అంటే ఎత్తేది. బూడిదలో చల్లారేదాకా దాని జోలికి పోకుండా ఒకరినొకరం కాపలా కాశాం. నిలబడింది. తర్వాత, వారం తిరిగాక, నీది.

బావా, నీకెలా చెప్పాలి? అక్క మంట ముందు కూర్చుంటే చెయ్యి బల్లకి మేకు కొట్టినట్టుంది. వాల్వుల మధ్య ఆ ఇరుకులో అంత సన్నటి గీత వేసింది. నేను నా మంచి రోజుల్లో కూడా అలా వెయ్యలేదు. ఇది ఆమెకి చెప్పకు. చెప్పినా ఫరవాలేదు, ఈ ఉత్తరం తనే చదివి కవర్లో పెడుతుంది.

చల్లారాక హెడ్డు ముఖం నునుపు చేసింది నేనే, మిషను మీద. గాలి కొట్టి వేణ్ణీళ్లలో ముంచాం. ఒక్క బుడగ పైకొచ్చింది. ఇద్దరం తొట్టి మీదికి వంగాం. తీరా చూస్తే బిరడా పక్కనుంచి. బిగించాక ఎంతసేపు చూసినా నీళ్లు కదల్లేదు.

ఇది జీవితాంతం ఉంటుందని రాసివ్వను. ఈ వానాకాలం దాటిస్తుందని నమ్ముతున్నాను. ముందు ఖాళీగా నడుపు, తర్వాత సగం జనంతో. మంచి హెడ్డు కోసం నేను వెతుకుతూనే ఉంటాను, దొరికిన రోజున మారుద్దాం. లారీలో పంపుతున్నాను.

నీ బామ్మర్ది

ఏమండీ, ముందు జాలీ బిగించండి, తర్వాత హెడ్డు. పంపు విప్పి నాచంతా తీయండి. బకెట్లు రెండూ అటకెక్కించండి.


రేవు నుంచి,
శనివారం

బామ్మర్దీ,

బిగించాను. జాలీ ముందు, హెడ్డు తర్వాత. ఆయిలు మార్చాను. మొదటిసారి ఖాళీగా దాటుదామనుకుంటే బాతు ఎగిరి ఎక్కాడు. "దిగు, ఇది పరీక్ష" అన్నాను. "మునిగితే సాక్షి ఉండాలి కదన్నా" అన్నాడు. వెళ్లేదాకా ఇంజను మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు చూస్తూనే ఉన్నాడు. వరద పోటుకి ఎదురెక్కేటప్పుడు గడకర్ర చేతికందేలా పెట్టుకున్నాను. దాటింది. తిరిగొచ్చింది. ఆయిలు తీసి చూశాను, నల్లగా, శుభ్రంగా ఉంది. అంత అందమైన నలుపు నేను చూడలేదు.

తర్వాత సగం జనంతో నడిపాను. ఇప్పుడు రోజూ నడుస్తోంది. బాతు తన పడవ ఒడ్డుకి లాగి, నా దగ్గర టిక్కెట్లు కోస్తున్నాడు. లెక్కలు నాకంటే బాగా చేస్తాడు దుర్మార్గుడు.

అన్నీ బాగున్నాయి. ఇంట్లో మాత్రం బాగాలేదు. గిన్నెలన్నీ అయిపోయాయి, మూకుట్లో టీ తాగుతున్నాను. హెడ్డు వచ్చింది కదా, మీ అక్కని ఎప్పుడు పంపుతున్నావు?

నీ బావ


వర్క్‌షాపు నుంచి,
మంగళవారం

బావా,

పంపడానికి ఆవిడేమన్నా గోనెమూటా?

టైర్లవాడు ఊరంతా చాటాడు. ఇక్కడ పగిలిన హెడ్లు వరసలో కూర్చున్నాయి. నేను రంగు చూస్తున్నాను, తను అతుకుతోంది. ఎప్పుడు వెళ్తావని నేను అడగను, నాకు భయం. నీ ఆవిడ, నువ్వే రాసుకో.

నీ బామ్మర్ది


రేవు నుంచి,
శుక్రవారం

ఇదిగో, నిన్నే,

ఈ మొదటి మాట దగ్గరే నాలుగు కాగితాలు పాడయ్యాయి. ప్రియమైన అని రాస్తే నాకే నవ్వొచ్చింది. శ్రీమతి గారికి అంటే కరెంటాఫీసు నోటీసులా ఉంది. పేరు రాద్దామంటే ఇన్నేళ్లలో ఎప్పుడూ పిలవలేదు, కలం ముందుకి వెళ్లలేదు. రోజూ పిలిచినట్టే రాశాను. నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎప్పుడూ ఇంట్లోనే ఉండేదానివి కదా.

నిన్న నర్సు లాంచీ ఎక్కుతూ ఇంజను ఎవరు బాగుచేశారని అడిగింది. "మా ఆవిడ" అన్నాను. ఆ మాట చెప్పడానికి ఇంత బాగుంటుందని నాకు తెలియదు. సాయంత్రంలోపు ఎక్కినవాళ్లందరికీ చెప్పాను. అడగనివాళ్లకి కూడా. బాతు విసుగొచ్చి "అన్నా, టిక్కెట్టు మీద అచ్చు వేయించు" అన్నాడు.

పెళ్లైన కొత్తలో నువ్వు చెప్తే నేను కూర గురించి అడిగానన్నావు. ఆ రోజు గుర్తు తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. నువ్వు చెప్పిన మాట నాకు గుర్తు కూడా లేదంటే, అదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

రమ్మని రాయడానికే కూర్చున్నాను. రాశాక కొట్టేశాను, పైన కనబడుతోంది చూడు. పనుంటే ఉండు. ఎప్పుడొస్తావో అది మాత్రం ముందుగా రాయి. ఇల్లు ఊడ్చుకోవాలి.

నేనే


వర్క్‌షాపు నుంచి,
సోమవారం

ఏమండీ,

ఉత్తరం అందింది. కొట్టేసిన లైను వెలుతురుకి అడ్డం పెట్టి చదివాను.

శనివారం సాయంత్రం బస్సుకి వస్తాను. సోమవారం పొద్దున్న మళ్లీ వెళ్తాను. ఈ వానలు అయ్యేదాకా ఇలాగే. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. నాకు ఈ పని వదలాలని లేదు. అది ముందే చెప్తున్నాను.

చెయ్యి కాస్త కాలింది, భయపడకండి, మానుతోంది. తమ్ముడు ఇప్పుడు నన్ను దబాయిస్తున్నాడు, "ఆపమంటే ఆపవేంటి" అంటూ. కులాసాగా ఉన్నాడన్నమాట. నిన్న టైర్లవాడి ముందే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని టీ తాగాడు.

ఇల్లు ఊడవండి. ఊడ్చింది మంచం కిందకి తొయ్యకండి.

మీ ఉత్తరం చదువుతుంటే "బావ ఏం రాశాడు?" అని వాడు అడిగాడు. చెయ్యి చాచాడు కూడా. ఇవ్వలేదు.

హెడ్డు గురించే అని చెప్పాను.